పాచిరంగు అతుకు

నిచ్చెన ఎందుకు తీశావయ్యా ఐలర్ట్? కింద కూర్చుని టీ పోసుకుంటున్నావు, సరే, పోసుకో. నిచ్చెన తీసుకెళ్ళి ఆ కంచెకి ఆనించావేం? నేనింకా మన క్యాంపింగ్ బండి కప్పు మీదే ఉన్నాను. కనబడట్లేదా?

నలభై ఒక్క ఏళ్ళ కాపురం. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా నీకు? మన తీరం మగాళ్ళంతా ఇంతే అంటారు గానీ, వాళ్ళు పొద్దున్నే ఓసారి 'మొయిన్' అనైనా పలకరిస్తారు. నువ్వు అదీ సగం మింగేస్తావు.

పైకిటికీలోంచి దిగమంటావా? ఇందాకే చూశాను. కాళ్ళు పట్టాయి, మోకాళ్ళు పట్టాయి, నడుం దగ్గర ఆగిపోయింది. పక్క బండి ఆవిడ అల్లిక ఆపేసి మరీ చూసింది.

టైమెంతయింది? నాలుగున్నరా? ఐదింటికి ఓల్డెన్‌బుర్గ్ వాళ్ళు వస్తారు, బండి చూసుకోడానికి. అద్దానికి 'అమ్మబడును' అని కాగితం అంటించింది నువ్వే. వాళ్ళొచ్చేసరికి ఇంటావిడ కప్పు మీద కాకిలా కూర్చుని ఉంటే బేరమేం కుదురుతుంది చెప్పు?

కుదరకపోతే మరీ మంచిది. నాకీ బండి అమ్మడం ఇష్టం లేదు, ఆ సంగతి నీకూ తెలుసు. వంటా, పడకా, మూలనున్న ఆ బుల్లి బల్లా, ఇరవై రెండేళ్ళుగా మన వేసవులన్నీ దీన్లోనే గడిచాయి. కప్పు కారుతోందని అమ్మేస్తానంటావు. కారితే ఆపుకోవాలి గానీ అమ్ముకుంటారా?

అందుకే కదా పొద్దుట్నుంచి ఇక్కడ మోకాళ్ళ మీద పాకుతున్నాను. పాత జిగురంతా ప్లాస్టిక్ బద్దతో గోకాను. స్పిరిట్టుతో తుడిచాను. రెండు వైపులా టేపు వేసి, కొత్త సీలెంట్ గన్నుతో పట్టించి, సబ్బునీళ్ళలో వేలు ముంచి నునుపు చేశాను. ముందు అతుకు, వెనక అతుకు, పక్క పట్టీలు, కిటికీ చుట్టూ. ఇంక చీమ దూరడానికి కూడా సందు లేదు.

ఆఁ, తెలిసింది. నిశ్శబ్ద వేళలో గోకాననా నీ కోపం? ఒంటిగంట నుంచి మూడింటిదాకా ఈ క్యాంపు మైదానంలో ఎవరూ దగ్గనైనా దగ్గకూడదని నాకు తెలీదా? మేనేజరు సైకిలు మీద రెండుసార్లు చుట్టూ తిరిగాడు. తిరగనీ. ఎలక కొరికినంత చప్పుడు కూడా చెయ్యలేదు నేను.

అది కాదా? అయితే స్వెట్టరు. నీ నీలం స్వెట్టరు చింపి తుడుపుగుడ్డలు చేశాను, నిజమే. మీ అమ్మ అల్లిందంటావు. మోచేతుల దగ్గర మీ అమ్మ అల్లిక ఎక్కడుందయ్యా, అంతా నా రఫ్ఫే. నా రఫ్ఫు నేను చింపుకున్నాను.

అదీ కాదు. రెండో కప్పు పోసుకుంటున్నావు. వేడి టీలో కలకండ చిటపటలు ఇక్కడిదాకా వినిపిస్తున్నాయి. చెంచా ఇంకా సాసరులోనే ఉంది. మూడు కప్పులూ తాగి, ఇంక చాలన్నట్టు చెంచా కప్పులో పడేస్తేగానీ నువ్వు లేవవు. అప్పటిదాకా నాకిక్కడే నివాసమన్నమాట.

ఏమిటది చేతిలో? వేళ్ళ మధ్య అలా తిప్పుతున్నావు? కాస్త ఎత్తి పట్టుకో.

పచ్చగా ఉంది.

ఎక్కడ దొరికింది నీకు? టీలోకి పెట్టుకున్న మీగడ గిన్నెలో పడిందా? ముందు అతుకు గోకుతుంటే ఆ జిగురు ముక్క గాలికి ఎగిరిపోయింది. పోయి గడ్డిలో పడిందనుకున్నాను. గడ్డీ పచ్చనే కదా, కలిసిపోతుందని ధైర్యం తెచ్చుకున్నాను.

సరే. ఇంక దాచేదేముంది. మన స్నానాలగది పలకల మధ్య ఉన్న రంగు అది. ఆ పాచిరంగు లోకంలో ఇంకెవరింట్లోనూ లేదు, ఆ పలకలు మీ నాన్న ఏ ముహూర్తాన కొన్నాడో గానీ.

విను. మూడేళ్ళ కిందట డెన్మార్కులో నువ్వు బండి కప్పుని చెట్టుకొమ్మకి రాశావే, దానికి మూడు వారాల ముందే బీటవేసిన ఆ ముందు అతుకు నేను మూశాను. వర్క్‌షాపు అతను ఆరు వారాలు ఆగమన్నాడు. నీకేమో ప్రయాణం తొందర. స్నానాలగదికి తెచ్చిన సిలికాన్ గొట్టం సగం మిగిలి ఉంది. అక్కడ నీళ్ళాపేది ఇక్కడ ఆపదా అనుకున్నాను. రంగు కనబడకుండా పైన తెల్ల టేపు వేశాను, నీకు చెప్పలేదు.

ఆపలేదు. ఎండకీ గాలికీ కాచిన పాల మీద మీగడలా లేచిపోయింది. డెన్మార్కు నుంచి వచ్చాక మొదటి వానకే నీ దిండు మీద చుక్క పడింది.

అప్పుడు నువ్వేమన్నావు? "కొమ్మకి రాసింది నేనే. నా కళ్ళు పోయాయి, తేదా" అని నన్ను పేరు పెట్టి మరీ అన్నావు. అంత పొడుగు మాట నీ నోట పెళ్ళిలో కూడా రాలేదు. మర్నాడు పొద్దున, ఇంక నువ్వే తోలు అన్నట్టు, బండి తాళాలు తెచ్చి నా కోటు కొక్కేనికి తగిలించావు.

నేను పైకెక్కి చూశాను ఐలర్ట్. కొమ్మ గీసింది రంగు మీదే, గోటి గీతంత. నీళ్ళు దిగుతున్నది నా పచ్చ జిగురు కిందనుంచి. కిందికి దిగి, "అవును, కొమ్మే" అన్నాను.

ఎందుకన్నానంటావా? తిడతావని కాదు. తిట్టడానికైనా మాటలు కావాలి కదా నీకు.

స్టీరింగు కోసం. పంతొమ్మిదేళ్ళు పక్క సీట్లో కూర్చుని, ఒళ్ళో పటం పెట్టుకుని, ఎడమకి, కుడికి అని చెప్పాను. నువ్వు తాళాలిచ్చాక, ఆ ఏడాదే మొదటిసారి స్వీడన్ అడవిదారిలో నేను తోలాను. అంత పెద్ద బండి నా రెండు చేతుల్లో మలుపు తిరుగుతుంటే నాకెంత బాగుందో నీకు చెప్పలేను. దాన్ని మళ్ళీ నీకు ఇవ్వబుద్ధి కాలేదు.

నువ్వేమో మూడేళ్ళు దిండు పక్కన గిన్నె పెట్టుకుని పడుకున్నావు. చుక్క పడినప్పుడల్లా ఒత్తిగిలేవాడివి. నాకు మెలకువగానే ఉండేది. ఏటేటా పైకెక్కి ఆ పచ్చదాని మీదే తెల్ల సీలెంట్ పూసేదాన్ని. సిలికాన్ మీద ఇంకేదీ అంటదట, గోకి పారేస్తే తప్ప. ఈ ఏడే తెలిసింది. కారడం ఆగితే నువ్వు అమ్మవు, కొమ్మ కథ కూడా అలాగే మిగిలిపోతుందని లెక్కేసుకున్నాను.

నీ కళ్ళకేం రోగం లేదయ్యా. మీగడలో పడ్డ ముక్క చూసి మన స్నానాలగదిని గుర్తుపట్టినవాడివి, రోడ్డు కనబడదా నీకు?

తప్పు నాదే. ఇదిగో, కప్పు మీద నిలబడి చెబుతున్నాను, పక్క బండి ఆవిడ కూడా వినేలాగ.

చెంచా పడింది. ఇంకా రెండో కప్పే కదా, అప్పుడే పడేశావేం?

లేస్తున్నావు. నిచ్చెన అటుంటే ఇటెక్కడికి? అద్దం దగ్గరికా? కాగితం పీకేశావు. మడిచి జేబులో పెట్టుకున్నావు. మరి ఓల్డెన్‌బుర్గ్ వాళ్ళకేం చెబుతాం? మొయిన్ అంటావు, అంతేగా.

తలుపు తీశావు. అది డ్రైవరు సీటు వెనక్కి జరుపుతున్న చప్పుడు. మూడేళ్ళుగా నా కాళ్ళకి సరిపడా ముందుకే ఉంది, అందుకే అంత కిర్రుమంది. తాళం మాత్రం తిప్పకు, నేను పైనున్నాను.

అర్థమైందిలే. తీసుకో. పటం నేనే పట్టుకుంటాను. తిరుగు ప్రయాణంలో, ఎదురేమీ రాని దారిలో, ఓ గంట స్టీరింగు ఇస్తావా? పోనీ అరగంట?

చుక్క పడింది. సముద్రపు కట్ట మీద మేసే గొర్రెలన్నీ గాలికి వీపు తిప్పాయి. వాన వచ్చేసినట్టే. నువ్వేం కంగారుపడకు, ముందు అతుకు మూసి గంటన్నరయింది, పైన పొర కట్టింది. వెళ్ళి నీ దిండు మీద చెయ్యి పెట్టి చూడు. నిచ్చెన తర్వాత. ముందు దిండు.

చూశావా? ఏమంటావు? ఇప్పుడైనా ఒక్క మాట చెప్పు.

పైకిటికీలోంచి చెయ్యి ఒక్కటే బయట పెట్టావు. అరచెయ్యి తిప్పి చూపిస్తున్నావు. పొడిగా ఉంది.

చాలు. ఇంక ఈ బండి మొత్తానికి తడిసేదాన్ని నేనొక్కదాన్నే.