సర్వర్ లేపిన కాటమరాజు

పెద్దారవీడు టీకొట్టులో కాటమరాజు నోరు తెరిచాడంటే గ్లాసుల్లో టీ చల్లారాల్సిందే. ఊరి స్కూల్లో పెట్టిన కంటి ఆపరేషన్ల క్యాంపుకు పేర్లు కంప్యూటర్లో ఎక్కించింది అతనే. ఆ పూట, వరసకు మామ అయ్యే గొర్రెల ఎర్రయ్య వచ్చి ఎదురు బెంచీ మీద కూర్చున్నాడు. ఎర్రయ్య భార్య పుల్లమ్మ పేరు లిస్టులో లేకుండా పోయిందని క్యాంపు రోజే కాటమరాజుకు తెలిసింది. అడుగుతాడేమోనన్న భయంతోనే గొంతు పెంచాడు.

“క్యాంపు ముందురోజు సర్వర్ కూలింది గదా, లేపింది ఎవరనుకున్నారు? నేనే. ఒక్క బటన్ నొక్కినా, అంతే.”

“ఒక్క బటనేనా?” అన్నాడు టీకొట్టు శ్రీరాములు.

“ఒక్కటే గానీ మూడు రోజులు నొక్కినా.”

“ముందురోజు కూలితే మూడు రోజులెట్ల నొక్కినావు?”

“అడ్డం రాకు సామీ, కథ చెడిపోతాది. అసలు జబ్బేందో చెప్తా. సర్వర్ ఏ పని చేయాలన్నా లోపల తాత్కాలిక టేబుల్ అని ఒకటి పెట్టుకుంటాది, మన మార్కాపురం పలక మాదిరి, రాసుకుంటాది, పనైనాక తుడిచేస్తాది. ఆ పొద్దు తుడిచిన పలకనే మళ్ళా తుడవబోయి దబ్బున పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాని వేడికి గోడలు ఎర్రగా కాలినాయి, నేను దాని మీదే టీ కాచుకున్నా, ఫ్యాను తిరిగిన తిరుగుడికి అంతదూరాన కొనకనమిట్లలో కందిచేలు పడుకున్నాయి, నల్లమల పులి చలి కాచుకోను గుమ్మంలోకొచ్చి కూచుంటే దాని తోకతోనే తెగిన వైరు కట్టినా. సర్వర్ చేసినోళ్ళు విమానమేసుకొని వచ్చి, అయ్యా, ఈ బగ్గు మాకే చిక్కలేదు, నువ్వెట్ల పట్టినావని కాళ్ళ మీద పడినారు. పొమ్మన్నా. ఒక్క పేరు పోనీలేదు సామీ, ఒక్క...”

అక్కడ నోరు ఆగిపోయింది. ఆ ముక్క అనకుండా ఉండాల్సింది.

“ఆ తర్వాత ఏమైందో నేను చెప్తా అల్లుడా,” అన్నాడు ఎర్రయ్య నెమ్మదిగా. “మీ అత్త పుల్లమ్మ, పిలుస్తారులే అని పొద్దుగూకేదాకా స్కూలు వరండాలో కూచున్నది. పిలవలా. పనైనాక తుడిచేస్తాదని తెలిసినోడివి, ఆమె పేరు ఆ పలక మీదనే ఎందుకు పెట్టినావు? చీటీ రాసియ్యమంటే, కాగితమెందుకు మామా, కంప్యూటర్లో ఎక్కింది గదా అంటివి.”

శ్రీరాములు గ్లాసులు కడగడం ఆపాడు. కాటమరాజు తల వంచుకున్నాడు. ఆ పలక మీది పేర్లన్నీ సాయంత్రం ఒకేసారి అసలు లిస్టులోకి మారుద్దామనుకుని క్యాంపు ముందురోజు టీకి వచ్చాడు, గొప్పలు చెబుతూ గంట కూర్చున్నాడు. ఈలోగా సర్వర్ పడింది. పన్నెండు పేర్లు పోయాయి. మందల వెంట అడవికి వెళ్ళేవాళ్ళ ఇళ్ళలోవే అవి; ఏయే పేర్లో ఆ పూట గుర్తు తెచ్చుకోలేక, పోయాయని ఒప్పుకోలేక, అన్నీ సరిగ్గా ఉన్నాయని డాక్టర్లకు చెప్పేశాడు.

“నాదే తప్పు మామా. సర్వర్‌ను నేను లేపలా, దానంతటదే లేచింది. అత్త నన్ను ఎంత తిట్టుకుంటాందో.”

“తిట్టలేదు నాయనా,” అన్నాడు ఎర్రయ్య కర్ర అందుకుంటూ. “డాక్టర్లే మరిచిపోయినారు అనుకుంటాంది. వచ్చే ఏడు కూడా నీకాడికే పోదామంటాంది. కాటమరాజు రాసినాడంటే రాసినట్టేనంట.”

ఒక్క తిట్టు తిట్టినా బాగుండేదనిపించి కాటమరాజుకు ఏడుపు ముంచుకొచ్చింది.