గుమ్మడిపూలకు చుట్టాలొచ్చిన్రు

"అవ్వా, గింతంత జాగల గిన్ని పూలచెట్లెందుకు? కూరగాయలు పెట్టుకోవచ్చు గదా?"

అగో! కూరగాయల కోసమే గదనే పూలచెట్లు పెట్టింది! కూసో సునీతా, గీ పీట మీద కూసో. మా చెల్లె మనుమరాలివి, యాప్రాల్ల అపార్టుమెంట్ల పుట్టి పెరిగినవ్, నీకెట్ల ఎరుకైతది.

మూడేండ్ల కింద... కాదు కాదు, నాలుగేండ్లు. మా ఇంటాయన కాలంజేసిన మరుసటేడు. పొద్దువోక ఇంటెన్క గుమ్మడి పెట్టిన. తీగ మస్తు పారింది, గోడెక్కింది. పూలు జూస్తె పసుపు గుమ్మరించినట్టు. కాయ? ఒక్కటి లేదు! పిందె గోలీ అంతయితది, పండువారి రాలిపోతది. నేను ఈ దేవరయాంజాల్‌కు కోడలిగొచ్చిన కొత్తల గుమ్మడికాయలు కొనేటోడే లేకుండె, ఇంటింటికి ఊకెనే పంచుతుంటిమి. గసొంటిది నాకు ఒక్క కాయకు గతిలేదాయె.

రోజు పొద్దుగాల్నే మొగపువ్వు తెంపి ఆడపువ్వుకు రుద్దుతుంటి. ఎరుకేనా, కింద పిందె ఉండేది ఆడపువ్వు. చేతులు వణుకుతయ్, పుప్పొడంత కొంగుకే అంటుతది.

నా కొడుకు మల్లేశు సూసి, "ఎందుకే అమ్మా గీ గోస? బండలు పరిపిస్త, ఆటో లోపల పెట్టుకుంట" అన్నడు. వాని తప్పేం లేదు, ఆటో బయట ఎండల మాడుతాంది. కని బండలేస్తె నాకేముంటదే? పొద్దుందాక గోడలు జూసుకుంట కూసోవాలె.

"ఒక్క ఏడాది ఆగు బిడ్డా" అన్న.

"అప్పుడన్న కాస్తదా?"

"కాయకపోతె నువ్వు జెప్పినట్టే."

నోటికొచ్చింది అననైతే అన్న గని, లోపల పరేషాన్.

గప్పుడే పక్క కాలనీల ఉండే కాకినాడ మేడం వచ్చింది. బడిల పాఠాలు చెప్పి రిటైరయింది ఆమె. తీగంత జూసి, "పిన్నిగారూ, మీ పెరట్లో తేనెటీగ ఒక్కటీ లేదేంటండీ? గుమ్మడి పూసినప్పుడే రమ్మంటే ఎక్కణ్ణుంచి వస్తాయి? ఏడాది పొడుగునా వాటికి తిండి ఉండాలి కదా" అన్నది. ఈగలకు తిండి పెట్టుడేందమ్మా అని నవ్విన. ఆమె పోయినంక సోంచాయించిన. నిజమే! మా కాలంల పొలంగట్ల మీద ఎప్పుడు ఏదో ఒకటి పూస్తుండె. ఇప్పుడు గట్లేవి, అన్ని ప్లాట్లాయె.

ఆమెనే నూరువరాలు, బిళ్లగన్నేరు కొమ్మలిచ్చింది. నేను తులసి, సబ్జా గింజలొచ్చే రుద్రజడ గోడ పొంటి బారుగ పెట్టిన. ఒక్కసారి నాటితే ఏండ్లకేండ్లు పూసేటియి. తులసి ఎన్నులు తెంపకుండ ఇడిసిపెట్టిన, పురుగులమందు ముట్టలే.

మొదాలు సీతాకోకచిలుకలొచ్చినయ్. "రంగుల పురుగులొచ్చినయ్, కాయలేవే?" అని మల్లేశు నవ్విండు. వానలు వడ్డంక మళ్ల గుమ్మడి గింజలు పెట్టిన. పూతకొచ్చింది. ఒకనాడు పొద్దుగాల పండ్లు తోముకుంటున్న, జుయ్యిమని సప్పుడు! తిరిగి సూస్తె, అబ్బబ్బ, తులసి నిండ తేనెటీగలు! అండ్లకెల్లి ఒకటి గుమ్మడిపువ్వుల జొచ్చింది. ఒళ్లంత పసుపు పూసుకొని బయటికొచ్చింది, పెండ్లిపిల్ల తీరు! సక్కగ పోయి ఆడపువ్వుల దూరింది. నోట్ల నురుగు అట్లనే ఉంది, "మల్లేశూ! జల్దీ రారా!" అని ఒర్రిన. వాడు పామొచ్చిందనుకొని కట్టె పట్కొని ఉరికొచ్చిండు!

గా పిందె రాలలే బిడ్డా. నిమ్మకాయంత, బత్తాయంత, ఆఖరికి బిందంత! దానెంబడి ఇంకోటి, ఇంకోటి. మల్లేశు ఒకనాడు ఆటోల వెదురు బొంగులు ఏసుకొచ్చి దించిండు.

"ఎందుకురా ఇవి?" అన్న.

"పందిరికే అమ్మా. వచ్చేసారి బీర గూడ పెట్టు" అన్నడు.

నవ్వుతనే ఉన్న, కండ్లెంబడి నీళ్లు గారుతనే ఉన్నయ్.

ఇగ లే, గీ రుద్రజడ కొమ్మ పట్కపో, మీ బాల్కనీల డబ్బల గుచ్చు. నీ ఇల్లు సల్లగుండ, నీ గడపకొచ్చిన ఏ పానం గూడ ఆకలితోని మర్లిపోవద్దు బిడ్డా... అగో, కదలకు కదలకు, తేనెటీగ నీ జడ మీదనే వాలింది సూడు...