ఒప్పందంలో తప్పు పట్టింది నేనే

నమ్మితే నమ్మండి, లేదంటే గ్రూపులోంచి పొండి. నిన్న పేపర్లో పెద్దనాన్న కూతురు అక్క ఫోటో పడిందని తెగ మురిసిపోతున్నారుగా అందరూ? అమ్మయితే ఫ్రిజ్ తలుపుకే అంటించేసింది. పాలు తీద్దామన్నా అక్క మొహమే. నా ఫోటో హాల్ టికెట్ మీద తప్ప ఎక్కడైనా చూశారా? అసలు సంగతి వినండి. పారిపోయిన పాత అధ్యక్షుణ్ణి పక్క దేశం మనకి అప్పగించాలని ఒప్పందం రాసుకున్నారు కదా, దాన్ని పుస్తకంలా కుట్టి ఎర్ర రిబ్బను కట్టిందెవరు? మన బైండింగ్ షాపు. షాపులో ఉన్నదెవరు? నేను.

చెల్లి: నాన్న కదా?

నాన్న భోజనానికెళ్ళాడు, నువ్వు మధ్యలో దూరకు. రెండు కాపీలు, మనకొకటి వాళ్ళకొకటి. కుడుతూ చూద్దును కదా, ఒకదాని మొదటి పేజీలో మన దేశం పేరు ముందు, రెండోదాంట్లో వాళ్ళ పేరు ముందు! రెండు డిగ్రీలు చదివి, విదేశాంగ ఆఫీసులో ఏసీ కింద కూర్చునే అక్క ఇది చూడలేదు. నేను చూశా. ఒక పేజీ జిరాక్స్ తీసి రెండోదాంట్లో పెట్టేశా. ఇప్పుడు రెండూ కవలపిల్లలే.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? అక్క ఆఫీసుకి నేనే మోసుకెళ్ళా. అక్కడంతా గందరగోళం. పాత ప్రభుత్వం దిగిపోయింది, కొత్తది ఇంకా ఎక్కలేదు. దిగేవాళ్ళు పూలకుండీలు కూడా అట్టపెట్టెల్లో సర్దేస్తున్నారు, ఎక్కేవాళ్ళు నేమ్‌ప్లేటుకి మేకులు కొడుతున్నారు. సంతకం నువ్వంటే నువ్వని ఒకటే గొడవ, మంత్రి కుర్చీ మాత్రం ఖాళీ. తప్పుకోండని చెప్పి నేనే కూర్చున్నా.

బావ: కూర్చున్నావా!

గంటన్నర బావా. ఆ గంటన్నరా దేశం నడిపింది నేనే. పెట్రోలు రేటు కూడా తగ్గించా, మీరే చూసుకోలేదు. ఇంతలో పక్క దేశం రాయబారి లేచి, ఆయన మా అతిథి, ఇవ్వం పొమ్మన్నాడు. అప్పుడే ఫోన్ మోగింది. ఎవరనుకున్నారు? పారిపోయిన ఆయనే! "బాబూ, టీవీలో నువ్వేసిన రిబ్బను ముడి చూస్తేనే తెలిసిపోయింది, ఇంక నేను తప్పించుకోలేను" అని బావురుమన్నాడు. "ఏడవకు, సాయంత్రం బస్సుకి వచ్చెయ్" అన్నా. బస్సు దాకా కూడా ఆగలేదు, సరిహద్దు వరకూ నడిచొచ్చి, బేడీలు తనే వేసుకుని తాళం నాకు కొరియర్ చేశాడు.

చెల్లి: ఏదీ తాళం?

నా సైకిలుకి వాడుతున్నా. పేపరాయన ఫోటోకొస్తే, అక్కని తియ్యండి పాపం, ఎప్పుడూ పడలేదు అని నేనే పక్కకి జరిగా. అక్క ఎడమపక్కన ఓ మోచెయ్యి కనపడుతోంది చూడండి. నాదే. అంటే ఆ ఫోటోలో సగం నేనే. కాదనేవాళ్ళుంటే రమ్మనండి.

అక్క: వచ్చా.

అక్క: మొదటి పేజీ మార్చింది నువ్వా?

అక్కా, నువ్వూ చూస్తున్నావా. ఆఁ, నేనే. థాంక్స్ ఏం వద్దులే.

అక్క: ఎవరి కాపీలో వాళ్ళ దేశం పేరు ముందుండాలిరా. అదే పద్ధతి. నువ్వు రెండింట్లోనూ వాళ్ళ పేరే ముందు పెట్టావు. మనవాళ్ళు పెన్ను కింద పెట్టేశారు. ఫోటోలో నేనేం చేస్తున్నానో సరిగ్గా చూడు.

చెల్లి: రిబ్బను విప్పుతోంది!!

అక్క: సంతకాలు నలభై నిమిషాలు ఆగిపోయాయి. ఎవరి నిర్వాకం అని అడిగితే నాదే అన్నా. లేకపోతే బాబాయ్ షాపుకి ఇంకెప్పుడూ గవర్నమెంటు పని రాదు.

బావ: మరి ఆ మోచెయ్యి?

అక్క: నన్ను తిడుతున్న మా ఆఫీసరుది.

అంటే... అదే చెప్తున్నా! నేను వేసిన ముడి విప్పడానికి రెండు దేశాలు కలిసినా నలభై నిమిషాలు పట్టిందంటే, అది ఎంత గట్టి ము

నాన్న: ఫోన్ అక్కడ పెట్టి షాపులోకి రా.

వస్తున్నా నాన్నా