పులి గోళ్ళు తీసిన బాబాయ్

టీకొట్టు అక్కకి ఆ రోజు కావలసింది కథ కాదు, ఉపాయం. ఆమె పెంచుకునే నల్లకుక్కకి ముందుకాలి పక్కన బొటనవేలిలా ఒక గోరుంది. అది నేలకి తగలదు కనుక అరగదు. పెరిగి పెరిగి కొడవలిలా వంగి చర్మంలోకి దిగబోతోంది. ఒకసారి తనే ధైర్యం చేసి తీయబోతే నరం తెగి రక్తం కారింది. అప్పట్నుంచి కత్తెర కనబడితే చాలు, కుక్క బల్ల కిందకి దూరి ఆమెని చూసి గుర్రుమంటుంది. అన్నం పెట్టిన చేతికే భయపడుతోందే అని ఆమెకి ఏడుపొచ్చేది.

అందుకే ఆశంతా టాప్‌గేర్ బాబాయ్ మీద పెట్టుకుంది. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు గానీ ఆయన నోటికి ఇంకా బ్రేకులు పడలేదు. ఆయన మాటల్లో నిజం వెతకడమంటే రాళ్ళలో బియ్యం ఏరడమే. అయినా ఆయన ఇంట్లోనూ కుక్క ఉంది, దాని గోళ్ళు చూస్తే ముచ్చటేస్తుంది. ఎంతోకొంత తెలియకుండా ఉంటుందా అనుకుని, టీ గ్లాసు చేతికిచ్చి, "బాబాయ్, మీ కుక్కకి గోళ్ళెలా తీస్తారు?" అంది.

"ఏముందమ్మాయ్, స్నానం చేయించాక తీయాలి. గోరు మెత్తబడుతుంది. కొస మాత్రమే, కొంచెం కొంచెంగా."

ఇది బియ్యపు గింజే అని అక్క మనసులో దాచుకుంది. బాబాయ్ అక్కడితో ఆగితే బాగుండేది.

"మా కుక్కదంటే పిల్లాట. ఆ గోడౌను కాపలా కుక్క ఉండేది చూశావూ, దూడంత. డాక్టరు కూడా గేటు అవతల్నుంచే మందు విసిరి పారిపోయేవాడు. నేను తిన్నగా లోపలికెళ్ళి దాని కళ్ళలోకి చూశా. అంతే, కాలు చాపింది. ఏ కాలో తెలుసా? నాలుగూ."

"నాలుగూ చాపితే నిలబడేదెలా?" అన్నాడు దర్జీ. బాబాయ్ వాళ్ళింటి పైవాటాలోనే ఉంటాడతను. టీ తాగడానికొచ్చినా చేతిలో చొక్కా, గుండీ వదలడు.

"పడుకుని చాపిందయ్యా. మధ్యలో అడ్డు రాకు. అవి గోళ్ళు కావు, గునపాలు. కత్తెర వేస్తే కత్తెర విరిగింది. ఇనుపచువ్వలు తెంపే కట్టర్ తెచ్చి నొక్కితే టప్‌మని తెగి, ఎగిరిపోయి, మేడ మీద నీళ్ళట్యాంకుకి గుచ్చుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ధార కట్టింది. వీధి వీధంతా బిందెలతో దిగారు. ఆ వారమంతా ఎవరింట్లోనూ కుళాయి తిప్పలేదంటే నమ్ము."

అక్కకి ట్యాంకు గొడవ పట్టలేదు. "నల్లగోరైతే నరం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది బాబాయ్?"

"నన్ను చూస్తే నరమే వెనక్కి తగ్గుతుంది," అన్నాడు బాబాయ్ టీ జుర్రుతూ. "అలా పేరు పాకిపోయింది. తెల్లారి తలుపు తీస్తే గుమ్మం ముందు కుక్కలు. ఎవరూ తీసుకురాలేదు, వాటంతటవే వచ్చి వరసలో కూచున్నాయి. ఒకటి కాలు చాపుతుంది, తీయించుకుంటుంది, పోతుంది. నేను తల ఎత్తకుండా తీస్తూ పోతున్నా. ఇంతలో చేతిలో పడ్డ కాలు కాస్త బరువనిపించింది. చారలున్నాయి. చూద్దును గదా, పులి."

దర్జీ సూది ఆగింది.

"ముందున్న కుక్కల్ని తోసుకుని మధ్యలో దూరింది. నేనూరుకుంటానా? ఎంత పులివైతే మాత్రం, వెనక్కెళ్ళి వరసలో రా అన్నా. తల దించుకుని వెళ్ళింది పాపం. సాయంత్రానికి వంతొచ్చింది. గోళ్ళు తీసి, ఆకురాయితో నున్నగా అరగదీసి పంపా. ఇప్పటికీ అది జింక దొరికితే వీపు గోకి వదిలేస్తుందట."

అక్కకి ఓపిక పోయింది. బల్ల కింద పడుకున్న కుక్కని ఎత్తి బాబాయ్ ఒళ్ళో కూచోబెట్టి, కత్తెర చేతిలో పెట్టింది. "పులి సంగతి తర్వాత. దీని గోరు రేపో మాపో కండలోకి దిగుతుంది. మీరే దిక్కు."

బాబాయ్ కత్తెర అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వెలుతురు చాలదన్నాడు. పదును లేదన్నాడు. కుక్క ఆయన మొహం చూసింది, ఆయన కుక్క మొహం చూశాడు. ఇద్దరూ కలిసి వీధి వైపు చూశారు.

కూరగాయల సంచితో అటే వస్తున్న ఆయన భార్య ఇదంతా చూసి ఆగింది. ఆయన చేతిలోంచి కత్తెర తీసుకుని సంచి వెనక దాచింది. కుక్కని కిందకి దించి, ఊరికే కాలు నిమురుతూ కూర్చుంది. అది సర్దుకున్నాకే కత్తెర బయటికొచ్చింది.

"నువ్వు బిస్కెట్ ముక్కలు పెడుతుండమ్మాయ్. పిసరంత తీసి, తెగినచోట చూడాలి. మధ్యలో మెత్తగా నల్లచుక్క కనబడిందా, ఆపెయ్యాలి. అది దాటితే నరమే. ఒకవేళ తెగినా మొక్కజొన్న పిండి అద్ది నొక్కి పట్టుకో, హడలిపోకు." వంకర సగం పోయాక కత్తెర అక్క చేతికిచ్చింది. "మిగతాది నువ్వే తియ్యి. నీ చేతికి అది మళ్ళీ అలవాటవ్వాలి."

అక్క ఊపిరి బిగబట్టి, పిసరు పిసరుగా తీసింది. చుక్క కనబడగానే ఆపింది. కుక్క గుర్రుమనలేదు. బిస్కెట్ నమిలి, ఆమె వేళ్ళు నాకింది. అక్క కళ్ళు తుడుచుకుంది.

"చూశావా, అంతా నా దగ్గర నేర్చుకున్నదే," అన్నాడు బాబాయ్, కాలు మీద కాలు వేసుకుని.

దర్జీ దారం కొరికాడు. "పిన్నీ, ఇంత నిమ్మళంగా తీస్తారు కదా, మరి ఆదివారం పొద్దున్నే మీ ఇంట్లోంచి ఆ కేకలేమిటి? పైన మా మిషను ఆగిపోతుంది. గోళ్ళు తీస్తూ కుక్కని ఎంత బాధపెడుతున్నారో అనుకుంటున్నా ఇన్నాళ్ళూ."

"కుక్కెందుకు అరుస్తుంది? దానివి చిటికెలో అయిపోతాయి," అంది పిన్ని సంచి ఎత్తుకుంటూ. "అవి మీ బాబాయ్ కేకలు, ఆయన కాలిగోళ్ళు నేను తీసేటప్పుడు. పాపం, కుక్కే పక్కన కూచుని ధైర్యం చెబుతుంది."