పసుపు మందు పూసిన రెక్క

మనీలా దగ్గరి కవీతే రేవులో, మూతపడ్డ విమానాల షెడ్డుకి ఎదురుగానే లూమింగ్ అనే ముసలామె నడిపే కాఫీ కొట్టు. షెడ్డు ముందున్న ముసలి విమానాన్ని ఇవాళ తుక్కుగా కోసేస్తారు. కోయడానికొచ్చిన నార్దో కాఫీ తాగినంతసేపే దానికి ఆయుష్షు. అది తెలిసే సెఫో తాత గొంతు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్ల కిందట దానికి రంగు వేసింది ఆయనే మరి.

"నీ రంపం విరుగుతుంది నాయనా, ముందే చెబుతున్నా. ఉప్పుగాలి తగిలితే అల్యూమినియం పుండు పడిపోతుంది కదా, అది పడకుండా పసుపుపచ్చ మందు కలిపి పూశాను. మొదట ఒక బకెట్టుకి పూసి ఏడాది సముద్రంలో ముంచి ఉంచా, మచ్చ పడలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ విమానమే సముద్రంలో పడింది. ఏడేళ్లు! పైకి తీస్తే మెరిసిపోతోంది, లోపల కాపురమున్న చేపలూ మెరిసిపోతున్నాయి, సంతలో నెల రోజులు పెట్టినా ఒక్కటి కుళ్ళితే ఒట్టు."

"మరి వాటిని తిన్నవాళ్లు?" అన్నాడు నార్దో.

"మా అత్తగారు తింది. నూట ఆరేళ్లు, ఇంకా చెరుకు నములుతోంది. అంతెందుకు, వానమబ్బులు ఈ రెక్క దాకా వచ్చి, మందు వాసనకి జడిసి మనీలా వైపు మళ్లిపోయేవి."

లూమింగ్ నవ్వలేదు. ఆ రోజుల్లో ఈ షెడ్డులో తనిఖీ పని ఆమెది. రేకు రేకునీ నాణెంతో తట్టి, ఖంగున మోగితేనే సంతకం పెట్టేది.

ఆమె నాణెం తీసుకుని విమానం దగ్గరికి నడిచింది. వాళ్లిద్దరూ వెంట వెళ్లారు. పొట్ట మీద తట్టింది, మొద్దుగా మోగింది. తోక కూడా అంతే. ఎడమ రెక్క చివర జానెడు మేర మాత్రం ఖంగుమంది.

"విన్నావా? నా మందు," అన్నాడు సెఫో.

"సరిగ్గా అక్కడే నీకు మందు అయిపోయింది సెఫో. క్యాంటీన్ పసుపు నీళ్లలో కలిపి పూసేసి నా కళ్లు కప్పబోయావు. వాసన పట్టేశాను. నీ ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పకుండా అదంతా గీకి, మందు తెప్పించి, రెండు పూతలు నేనే వేశాను. మిగతాదంతా నువ్వు కబుర్లాడుతూ వేసిన ఒక్క పూత."

సెఫో ఆ రెక్క చివరని అరచేత్తో నిమిరాడు.

"నార్దో, మిగతాదంతా కోసుకో," అన్నాడు. "ఆ జానెడు ముక్క మాత్రం నాకివ్వు."