తలంటుకున్న నల్లగుర్రం

గుంటూరు, 1959. దసరా ముందు ఆదివారం. మిర్చి వ్యాపారి కోటిలింగం తొలి బస్సుకి వినుకొండ నుంచి వచ్చి, బొమ్మగుర్రాల బీరువా ముందు నిలబడ్డాడు. భార్య వెంకటేశ్వరమ్మ కాఫీ పళ్ళెం పట్టుకొచ్చింది.

"నూటపన్నెండు ఉండాలి. నూటపదకొండే ఉన్నాయేమే?"

"మూడోసారి లెక్కపెడుతున్నారు. పిల్లలెందరని ఎవరన్నా అడిగితే మాత్రం వేళ్ళు ముడుస్తారు."

"నల్లగుర్రం లేదు."

"కాఫీ చల్లారిపోతుంది."

"నల్లగుర్రం ఏదే అంటే కాఫీ అంటావేం? సాయంత్రం టౌన్‌హాల్లో బొమ్మల ప్రదర్శన. ఈసారి వెండి కప్పు కోటిలింగానిదేనని ఊరంతా చెప్పుకుంటున్నారు."

"ఊరంతా తిరిగి చెప్పింది మీరేగా. ఇంకొకళ్ళకి అవకాశం ఎక్కడిచ్చారు పాపం?"

"ఒసేయ్, గుర్రం ఏదీ?"

"కడిగాను."

"ఏమిటీ?"

"కడిగానండీ. కొట్లో ఉన్న మిరపదుమ్మంతా మీ పంచె పట్టుకుని ఇంటికొస్తుంది, వచ్చి గుర్రాలెక్కుతుంది. పోయినేడు జడ్జీగారు మీ బల్ల దగ్గర తుమ్మీ తుమ్మీ, మార్కులు వెయ్యకుండానే వెళ్ళిపోలా? అందుకని నిన్న పొద్దున కాస్త కుంకుడురసం..."

"కుంకుడురసమా! కొయ్యగుర్రానికి తలంటు పోశావా!"

"పండగ వస్తోంది కదా. సాంబ్రాణి మాత్రం వెయ్యలేదు లెండి."

"కొంప ముంచావు కదే! రంగు... రంగేమన్నా పోయిందా?"

"రంగంటే గుర్తొచ్చింది. దాన్ని ఎక్కడ కొన్నానన్నారూ?"

"వందసార్లు చెప్పాను. పల్నాడు జమీందారుగారి దివాణంలో. వందేళ్ళనాటిది."

"డాక్టరుగారి భార్యకి మద్రాసులో ఎవరో దొరగారి వేలంలో అని చెప్పారేం?"

"అదే... జమీందారు దగ్గర దొర కొన్నాడు. దొర దగ్గర నేను కొన్నాను."

"అబ్బో! ఎంత దూరం తిరిగిందండీ పాపం. నీళ్ళు పోసుకోవాల్సిందే."

"నీ వెటకారం తగలెయ్య, గుర్రం పట్రా."

"తెస్తా, తెస్తా. అది మనింటికొచ్చి ఎన్నేళ్ళయింది?"

"ఎనిమిదో, పదో. ఎవడికి గుర్తు?"

"నాకు గుర్తు. తొమ్మిది. మా అమ్మ ఇచ్చిన ఎర్రగుర్రం నా పెట్టెలోంచి పోయిన ఏడు. మీరు బీరువాలో పెడతాను ఇమ్మంటే, అమ్మ గుర్తు ఇవ్వనన్నాను చూడండి, ఆ గుర్రం."

"పొద్దున్నే ఆ ఏడుపెందుకు ఇప్పుడు? దాన్ని తీసింది మీ చెల్లెలు. పొన్నూరు నుంచి మల్లేశ్వరి వచ్చింది, నాల్రోజులుంది, వెళ్ళింది. దాంతోపాటే గుర్రమూ వెళ్ళింది."

"ఆ మాట మొదట అన్నది మీరే."

"కళ్ళున్న ఎవడన్నా అంటాడు! దానికి చేతివాటం ఎక్కువ. గడప తొక్కొద్దన్నావు, మంచిపని చేశావు."

"దాని కూతురు పెళ్ళికి కూడా వెళ్ళలేదు నేను."

"వెళ్ళకపోతే ఏం కొంపమునిగింది? ఓ చీర మిగిలింది."

"అది శుభలేఖ ఇవ్వడానికి వస్తే నేను తలుపు తియ్యలేదు. చాలాసేపు అక్కా, అక్కా అని పిలిచి, కిటికీలోంచి లోపల పడేసి వెళ్ళిపోయింది. మీరు ఇదిగో, ఇక్కడే కూచుని నల్లగుర్రాన్ని తుడుస్తున్నారు."

"అవన్నీ ఇప్పుడెందుకూ... అదేమిటి, మూడు గ్లాసులు తెచ్చావు? ఉన్నది ఇద్దరమేగా?"

"ఉండండి, ఉండండి. దాని మీదున్న నల్లరంగు ఎలాంటిదండీ? లక్కేనా?"

"లక్కే! అసలు సిసలు లక్క. ఈ రోజుల్లో ఆ పనితనం ఎక్కడుంది?"

"లక్కరంగు నీళ్ళకి పోదు కదా. ఇదేమో రెండు చెంబులు పొయ్యగానే గంగాళం నిండా మసి. బళ్ళకి రంగులేసేవాళ్ళు కలుపుతారే, మసీ జిగురూ, అది. మీ జమీందారుగారు బాగా పీనాసిలా ఉన్నారు."

"కింద... కింద ఏముంది?"

"ఎరుపు. అది మాత్రం లక్కే. ఎంత తోమినా పోలేదు."

"ఎర్రగుర్రం లోకంలో మీ అమ్మ దగ్గరే ఉందా ఏమిటి? జమీందార్లకీ ఉంటాయి."

"ఉంటాయి. ఈ జమీందారుగారికి ఇద్దరు కూతుళ్ళు కూడా ఉన్నట్టున్నారు. గుర్రం కడుపుకింద కాల్చిన సూదితో రెండు పేర్లు రాసున్నాయి. ఒకటి వెంకటేశ్వరమ్మ. రెండోది మీరు చెప్పండి."

"వెంకటేశ్వరమ్మా... నా మాట విను."

"వింటున్నా."

"అంత మంచి పనితనం పెట్టెలో చీకట్లో పడుందని... ఓ నెల బీరువాలో పెట్టుకుని నీకిచ్చేద్దామనే అనుకున్నాను. మర్నాడే నువ్వు పెట్టె తెరిచావు. ఎవరు తీశారని నన్ను నిలేసి అడిగావు. నోటికేదో వచ్చింది."

"నోటికొచ్చింది నా చెల్లెలి పేరు."

"తప్పే. నేనే తీశాను, నేనే రంగేయించాను. సరేనా? సాయంత్రం దాకా ఎవరికీ చెప్పకు, నీ పుణ్యముంటుంది. కప్పు రానీ, నేనే పొన్నూరు వెళ్ళి మల్లేశ్వరికి మెల్లగా నచ్చచెబుతాను."

"మీకెందుకండీ శ్రమ? నిన్న మీరు వినుకొండలో ఉండగా నేనే వెళ్ళాను. పెద్దదాన్నయి ఉండి దాని కాళ్ళు పట్టుకున్నాను. ఏడుపాగలేదు నాకు."

"వెళ్ళావా! ఏమంది? నన్ను తిట్టిందా?"

"తిట్టలేదు. నన్నే కోప్పడింది. బావగారు దేవుడులాంటి మనిషి, ఆయన్ని అనకు, నీ కళ్ళే ఏదో పొరబడ్డాయంది. ఆయన నోటితో ఆయన చెబితే తప్ప నమ్మనంది."

"చూశావా! మంచిపిల్ల. అయితే ఇంకా తెలీదన్నమాట."

"ఇందాకటి దాకా తెలీదు. మల్లీ, లోపలే ఏడుస్తూ నిలబడ్డావేం, ఈ మూడో గ్లాసు నీదే, గుర్రం తీసుకుని ఇవతలికి రావే!"