దొరికిన గిన్నె

కారంపూడి పక్కన మిరప కల్లంలో, కర్నూలు వైపు నుంచి కోతకు వచ్చిన కూలీలు సొంత ఊళ్లకు పోయే లారీ ఎక్కుతున్నారు. వాళ్లతో కలిసి కాయ కోసిన ఆ ఊరి పెద్దావిడ, రోజూ తన పక్క సాల్లోనే ఉన్న పిల్ల దగ్గరికి వచ్చి, ఆమె ఎదుట తలెత్తలేక నిలబడింది.

"పోయిందన్న గిన్నె దొరికిందే. మా ఇంట్లోనే, నీళ్ల గాబు వెనక పడి ఉంది."

"నేను తీయలేదని నాకు తెలుసులే అక్కా."

"నిన్న అందరి ముందూ నిన్ను దొంగన్నాను. నా నోరు పడిపోను."

"పోయినేడు గూడా అంతే గదా. లారీ వచ్చే ముందురోజే, నీ సాల్లో కాయ కోసినానని కొట్లాడితివి."

పెద్దావిడ చెంపలు మండాయి. లారీ వచ్చే ముందు తను కావాలనే తగువు పెట్టుకుంటున్న సంగతి తనకొక్కదానికే తెలుసనుకుంది.

"నీ మీద కోపంగా ఉంటే, పోతే పోనీలే అనిపిస్తుందే. లేకపోతే నువ్వెళ్లాక చానా రోజులు నాకు అన్నం దిగదు."

"నీకు దిగుతాది. రాత్రి మావాళ్లు నా సంచి విప్పి, చీరలన్నీ దులిపి చూసినారక్కా. మా అత్త గూడా."

పెద్దావిడ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"అయ్యో తల్లీ. ఇంత దాకా వస్తుందనుకోలేదే. లారీ ఆపమను. అందరికీ నేనే చెబుతా."

"చెప్పు. గిన్నె మీ ఇంట్లోనే ఉండిందని చెప్పు. ఎందుకు కొట్లాడినావో మాత్రం చెప్పొద్దు. అది నా కాడే ఉండనీ."

పెద్దావిడ కొంగు చాటు నుంచి గిన్నె తీసి, అందరికీ కనబడేలా పైకెత్తి, లారీ వైపు నడిచింది.